లెక్కల కార్డు చెక్కిన వంపు

ప్రత్యేక సంచికకు వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, సర్వీసు అనుభవాలో పెన్షన్ సవరణల చరిత్రో రాస్తానని మిత్రులు అనుకుని ఉంటారు. ఆ విషయాలు నాకంటే బాగా తెలిసినవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత ఈసారి యంత్రాల చరిత్రలోని ఒక ఘట్టాన్ని ఎంచుకున్నాను. గుమాస్తాగా జీవితం గడిపినవాడికి యంత్రాలతో పనేమిటని అడగవచ్చు. పని ఉంది. ఈనాడు వడ్రంగి కార్ఖానాల్లో తలుపుల మీద లతలు, స్తంభాలు చెక్కుతున్న కంప్యూటరు యంత్రాల వంశవృక్షంలో ఒక పెద్దవేరు ఆఫీసు గదిలోనే ఉంది. జీతాల పట్టీలు, జనాభా లెక్కలు తేల్చడానికి పుట్టిన రంధ్రాల కార్డే ఒకనాడు హెలికాప్టర్ రెక్కకు వంపు ఎలా ఉండాలో చెప్పింది. ఆ కథ మనవాళ్ళు తెలుసుకోదగినది.

ముందుగా చిక్కు ఎక్కడుందో చెప్పాలి. పలకను చదును చేయడం కష్టం కాదు, చిత్రిక పడితే సరి. గుండ్రటి మంచం కోడు కూడా కష్టం కాదు. తరిమెన మీద కర్ర తిరుగుతూ ఉంటే, ఉలి ఆనించి కొంచెం కొంచెంగా లోపలికి జరుపుకుంటూ పోతే, ఒక కొస లావుగా, రెండో కొస సన్నగా వస్తుంది. కర్ర తిరగడమే గుండ్రదనాన్ని ఇస్తుంది. చేయి ఒక్క సన్నదనాన్ని చూసుకుంటే చాలు. అసలు చిక్కు ఎక్కడంటే, తలం వంపు తిరగాలి, ఆ వంపు కొసకు వెళ్ళేకొద్దీ మారుతుండాలి, మందం కూడా తగ్గుతూ పోవాలి. పైగా అది తరిమెన మీద తిరిగే ఆకారం కాకూడదు. పడవ అడుగు, తుపాకి మడమ, విమానపు పంకా ఇటువంటివి. వీటిలో ఏ రెండు చోట్ల కోసి చూసినా ఒకే కొలత దొరకదు.

రైట్ సోదరులు 1903లో ఎగరవేసిన విమానానికి ఎనిమిదిన్నర అడుగుల పంకాలు రెండు ఉండేవి. స్ప్రూస్ కర్ర పలకలను ఒకదానిమీద ఒకటి అంటించి, చేతి గొడ్డలితోనూ, రెండు చేతులా పట్టి లాగే కత్తితోనూ వాటిని చెక్కారు. లెక్క కాగితం మీద వేసుకున్నా, కర్రలోకి దించినది మాత్రం చేయే. రెండు పంకాలు చెక్కడానికి అది సరిపోయింది. రెండు వేలు కావలసి వస్తే మాత్రం ఆ పద్ధతి సాగదు.

ఎక్కువ సంఖ్యలో కావాలన్నప్పుడు మనిషికి తట్టిన మొదటి ఉపాయం నకలు తీయడం. ఆవిరి యంత్రంతో పేరు పొందిన జేమ్స్ వాట్ ముసలితనంలో ఇంటి అటక మీద కూర్చుని శిల్పాలకు నకళ్ళు చెక్కే యంత్రాలు తయారు చేశారు. ఆ గదిని ఉన్నది ఉన్నట్లుగా 1924లో లండన్ సైన్స్ మ్యూజియంకు తరలించారు. మన వయసువారికి వాట్ గారి ఆ విశ్రాంత జీవితం ముచ్చటగా తోస్తుంది. ఆయన 1819లో మరణించారు. సరిగ్గా ఆ సంవత్సరమే అమెరికాలో థామస్ బ్లాంచార్డ్ అనే ఆయన తుపాకి మడమలు చెక్కే యంత్రానికి పేటెంటు పొందారు. దానిలో ఒకవైపు మాదిరి మడమ, మరొకవైపు ముడి కర్ర రెండూ కలిసి తిరుగుతాయి. మాదిరిని తాకుతూ ఒక చక్రం పోతుంటే, దానికి జంటగా ఉన్న కత్తి చక్రం ముడి కర్రను అదే లోతున కోస్తూ పోతుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారంలో ఈ పద్ధతి బాగా వాడారు.

అయితే నకలుకు ఒక పరిమితి ఉంది. దస్తావేజులు ఎత్తి రాసిన మనవంటివారికి అది చెప్పనక్కరలేదు. అసలులో తప్పు ఉంటే ప్రతి నకలులోనూ అదే తప్పు ఉంటుంది. ఆ అసలును మొదట చేతితో చెక్కే నిపుణుడొకడు ఉండి తీరాలి. నూరేళ్ళకు పైగా కథ అక్కడే ఆగిపోయింది.

ఇప్పుడు ఆఫీసు గదిలోకి వద్దాము. మగ్గం మీద బుటా నేయడానికి అట్టముక్కలకు రంధ్రాలు పొడిచి వాడే పద్ధతిని ఫ్రాన్సులో జకార్డ్ 1804 ప్రాంతంలో స్థిరపరచారు. మన చేనేత మిత్రుల ఇళ్ళల్లో జకార్డు అట్టలు చూసే ఉంటారు. అమెరికాలో 1890 జనాభా లెక్కలకు హెర్మన్ హాలరిత్ రంధ్రాల కార్డులను వాడారు. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క కార్డు, ఏ చోట రంధ్రం ఉందో దాన్నిబట్టి వయసు, వృత్తి మొదలైనవి. ఆయన పెట్టిన కంపెనీ మరికొన్నిటితో కలిసి, 1924లో ఐబీఎం అనే పేరు పెట్టుకుంది. నేను 1970లలో కొలువులో చేరేనాటికి మా శాఖ గణాంకాలు ఫారాల మీద రాసి పంపితే, పైన ఎక్కడో వాటిని కార్డుల మీద కొట్టేవారు. పాడైన కార్డులు మాకు చేరితే వెనుకవైపు చిత్తు లెక్కలు వేసుకునేవాళ్ళం. మందంగా, నునుపుగా ఉండేవి, కలం బాగా సాగేది.

అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలోని ట్రావర్స్ సిటీ అనే చిన్న ఊళ్ళో జాన్ పార్సన్స్ అనే ఆయన తండ్రిగారి కంపెనీలో పనిచేస్తూ ఉండేవారు. ఆయన 1913లో పుట్టారు. కాలేజీ చదువు లేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సికోర్‌స్కీ కంపెనీ హెలికాప్టర్లకు రెక్కలు చేసే పని ఆయనకు దొరికింది. మూతపడిన ఒక కుర్చీలు బల్లల ఫ్యాక్టరీలో పని మొదలుపెట్టారు. రెక్క లోపల ఆకారాన్ని నిలబెట్టే కర్ర చట్రాల వంపు ఎలా ఉండాలో చెబుతూ సికోర్‌స్కీ వారు పంపినది కేవలం 17 బిందువుల కొలతలు. ఆ బిందువుల మధ్య గీతను డ్రాయింగ్ బల్ల మీద ఫ్రెంచ్ కర్వ్ అనే వంకర కొలబద్దతో పూరించుకోవాలి. ఇద్దరు పూరిస్తే రెండు రకాలుగా వస్తుంది. గాలిలో తిరిగే రెక్కకు అది చిన్న విషయం కాదు. తర్వాత ఒక రెక్క విరిగింది. కారణం వెదికితే లోపలి ఉక్కు గొట్టానికి చేసిన వెల్డింగు దగ్గర లోపం కనబడింది. దాంతో పార్సన్స్ రెక్క నిర్మాణాన్నే మొదటినుంచీ ఆలోచించడం మొదలుపెట్టారు. జిగురుతో అంటించడం, కర్ర బదులు రేకు చట్రాలు వాడడం ఆయనకు తోచాయి. రేకును అచ్చులో వత్తాలంటే ఆ ఉక్కు అచ్చుకు ఖచ్చితమైన వంపు ఉండాలి. మళ్ళీ అదే చిక్కు.

సలహా కోసం ఆయన రైట్ ఫీల్డులోని సైనిక విమాన పరిశోధనశాలకు వెళ్ళి, ఫ్రాంక్ స్టూలెన్ అనే ఇంజనీరును కలిశారు. మాటల్లో తన చదువు లోటు బయటపడిందని పార్సన్స్‌కు అర్థమైంది. దానికి ఆయన చిన్నబుచ్చుకోలేదు, అక్కడికక్కడే ఆ ఇంజనీరును తన కంపెనీలో ఉద్యోగానికి పిలిచారు! స్టూలెన్ 1946 ఏప్రిల్‌లో చేరారు. తనకు తెలియనిది తెలిసినవాడిని పక్కన పెట్టుకోగల అధికారులను మన సర్వీసులో ఎంతమందిని చూశామో ఎవరికివారు లెక్క వేసుకోవచ్చు.

స్టూలెన్ సోదరుడు ఒక పంకాల కంపెనీలో పనిచేసేవారు. అక్కడ ఇంజనీరింగు లెక్కలకు రంధ్రాల కార్డుల యంత్రాలను వాడుతున్నారని ఆయన మాటవరసకు చెప్పారు. స్టూలెన్ ఆ యంత్రాలతో రెక్క మీద పడే ఒత్తిడి లెక్కలు చేయడం మొదలుపెట్టారు. ఐబీఎం 602ఏ అనేది ఆ కోవలోని గుణకార యంత్రం. ఒక కార్డు మీది అంకెలు చదివి, హెచ్చవేసి, ఫలితాన్ని కార్డు మీదే పొడిచేది. అసలు దాని ఉద్యోగం బిల్లులు, జీతాల లెక్కలు. అది చూసిన పార్సన్స్ ఒక ప్రశ్న అడిగారు. 17 బిందువుల బదులు 200 బిందువులు ఈ యంత్రం లెక్క కట్టగలదా? కోసే కత్తికి కూడా కొంత లావు ఉంటుంది కదా, ఆ లావులో సగం పక్కకు జరిపి, కత్తి మధ్యభాగం ఎక్కడ నిలవాలో ఆ కొలతలే ఇవ్వగలదా?

ఇవ్వగలిగింది. ఆ అంకెల పట్టికలను కార్ఖానాలోకి తీసుకెళ్ళి, మిల్లింగ్ యంత్రం దగ్గర ముగ్గురు నిలబడ్డారు. ఒకడు పట్టిక చూసి అంకె చదువుతాడు. రెండోవాడు నిలువు పిడిని ఆ అంకెకు తిప్పుతాడు. మూడోవాడు అడ్డం పిడిని తిప్పుతాడు. కత్తి దిగి ఒక గాటు పెడుతుంది. మళ్ళీ తర్వాతి అంకె. ఇలా 200 గాట్లు పడ్డాక మిగిలిన సన్నటి గట్లను ఆకురాయితో అరగదీస్తే వంపు సిద్ధం. టైపు చేసిన ప్రతిని సరిచూసేటప్పుడు ఒకరు చదువుతుంటే మరొకరు టిక్కు పెట్టే ‘కంపేరింగు’ మనకు నిత్యకృత్యం. ఉక్కు మీద జరిగినది అచ్చంగా అదే. ఆ ముగ్గురిలో ఇద్దరు చేస్తున్నది పిడి తిప్పడం మాత్రమే కనుక, అంకె తిన్నగా మోటారుకే చేరితే ఎలా ఉంటుందనే ఆలోచన అక్కడినుంచి ఎంతో దూరంలో లేదు.

అదే సమయంలో వేగంగా ఎగిరే జెట్ విమానాలు వచ్చాయి. వాటి రెక్కల పైపొరను, లోపలి పట్టీలతో సహా, ఒకే అల్యూమినియం దిమ్మెలోంచి చెక్కాలనీ, మొదట్లో మందంగా, కొసకు పలచగా ఉండాలనీ వైమానిక దళం కోరింది. ఇది మన చిక్కు సమస్యకు పరాకాష్ఠ. పార్సన్స్ కార్డులతో నడిచే మిల్లింగ్ యంత్రం చేసి పెడతానన్నారు. 1949 జూన్‌లో రెండు లక్షల డాలర్ల కాంట్రాక్టు దక్కింది. మోటార్లను అంకె ప్రకారం కచ్చితంగా తిప్పే విద్య తమకు లేదు గనుక, ఆ భాగాన్ని మసాచుసెట్స్‌లోని ఎంఐటీ ప్రయోగశాలకు అప్పగించారు.

ఇక్కడ కథ మలుపు తిరిగింది. బిందువు నుంచి బిందువుకు దూకితే చాలదు, బిందువుల మధ్య దారిలో కూడా కత్తి మూడు దిశల్లోనూ ఒకేసారి అదుపులో ఉండాలని ఎంఐటీ వారు పట్టుబట్టారు. సాంకేతికంగా వారి మాట సరైనదేనని నా అభిప్రాయం. అయితే ఖర్చు పెరిగింది, గడువు పెరిగింది. 1951 వచ్చేసరికి వైమానిక దళం తిన్నగా ఎంఐటీతోనే కాంట్రాక్టు కుదుర్చుకుంది. ఆలోచన పుట్టించిన మనిషి పక్కకు తప్పుకోవలసి వచ్చింది. 1952 సెప్టెంబరులో ఎంఐటీ వారు కొత్త యంత్రాన్ని లోకానికి చూపించారు. సిన్సినాటి కంపెనీ మిల్లింగ్ యంత్రం ఒకవైపు, దాన్ని నడిపే వందలకొద్దీ వాల్వులు, రిలేలతో నిండిన ఫ్రిజ్జంత అలమరలు అయిదు మరోవైపు. చిన్న యంత్రానికి పెద్ద ఆఫీసు అన్నట్టుండేది! కార్డుల స్థానంలో రంధ్రాల కాగితపు టేపు వచ్చింది. పార్సన్స్, స్టూలెన్ అదే సంవత్సరం మే నెలలో పేటెంటుకు దరఖాస్తు పెట్టి ఉన్నారు. అది 1958 జనవరి 14న మంజూరయింది. ఆలస్యమైనా సీనియారిటీ దక్కింది.

అదే కాలంలో మరో దారి కూడా ఉండేదని చెప్పాలి. చాలామంది రాసేటప్పుడు దీన్ని వదిలేస్తారు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 1940ల చివరిలో ఒక పద్ధతి తయారు చేసింది. ఒక నిపుణుడైన పనివాడు మొదటి వస్తువును తన చేతితో కోస్తుంటే, ఆ కదలికలన్నీ అయస్కాంత టేపు మీద నమోదవుతాయి. తర్వాత టేపు తిప్పితే యంత్రం ఆయన చేసినట్లే చేస్తుంది. గ్రామఫోను రికార్డు వంటిది. అది పెద్దగా నిలవలేదు. చరిత్రకారుడు డేవిడ్ నోబుల్ 1984లో వెలువరించిన గ్రంథంలో దీనికి కారణం సాంకేతికం మాత్రమే కాదని వాదించారు. టేపు పద్ధతిలో విద్య పనివాడి చేతిలోనే ఉండిపోతుంది. అంకెల పద్ధతిలో అది ఆఫీసు బల్ల మీదికి వచ్చేస్తుంది. యాజమాన్యానికీ సైన్యానికీ కావలసింది అదేనని ఆయన అంటారు.

జీవితమంతా బల్ల ఇవతల కూర్చున్నవాడిని కనుక నేను ఈ వాదనను చాలాసేపు ఆలోచించాను. మామూలు భాగాల విషయంలో నోబుల్ గారి మాటలో నిజముందనిపిస్తుంది. చేయగలవాడుండగా, ఆ పని తెలియనివాడు కాగితం రాసి పంపడం, అతడు దానికి లోబడడం మన కార్యాలయాల్లోనూ చూసినదే. కానీ కొసకు పలచబడే ఆ విమానపు రెక్క పొర సంగతి వేరు. దాన్ని కావలసిన కచ్చితత్వంతో కోయగల చేయి ఎక్కడా లేదు. లేని చేతి కదలికను నమోదు చేయడం ఎలా? ఆ ఒక్క పనికి అంకె తప్ప దారి లేదు. చిక్కల్లా ఆ ఒక్క పనికోసం వేసిన దారిని అన్ని పనులకూ రాజమార్గం చేయడంలో వచ్చింది.

కంపెనీలు మొదట ఈ యంత్రాలను ముట్టుకోలేదు. ధర ఎక్కువ, టేపు తయారీ అంతకంటే కష్టం. చివరికి ప్రభుత్వ రక్షణ నిధులతోనే వందకు పైగా యంత్రాలు కొని ఫ్యాక్టరీలకు ఇచ్చారు. టేపు కష్టం తీర్చడానికి ఎంఐటీలో డగ్లస్ రాస్ బృందం ‘ఏపీటీ’ అనే భాషను తయారు చేసింది. ఈ గీత వెంట ఎడమకు పో, ఆ వంపును తాకి ఆగు అన్న ధోరణిలో రాస్తే, కంప్యూటరు బిందువులన్నీ తానే లెక్క కట్టుకునేది. 1959 ఫిబ్రవరిలో విలేకరులను పిలిచి, ఆ భాషతో చెక్కిన అల్యూమినియం యాష్‌ట్రేలు పంచిపెట్టారు. అన్ని కోట్ల విద్యకు మొదటి బహుమానం సిగరెట్టు నుసి రాల్చే పళ్ళెం!

ఫ్రాన్సులో కార్ల తయారీవారికి మరో ఆలోచన వచ్చింది. 200 బిందువులు దేనికి, నాలుగైదు ముఖ్యమైన బిందువులు పెడితే వంపు మొత్తం సూత్రం ప్రకారం వచ్చేటట్లు ఎందుకు చేయకూడదు? సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్టెల్‌జో 1959లో ఈ పద్ధతి కనిపెట్టారు. కంపెనీ దాన్ని రహస్యంగా ఉంచింది. రెనో కంపెనీలో పియెర్ బెజియే విడిగా అదే పని చేసి ప్రకటించారు. అందుచేత ఆ వంపులకు బెజియే పేరే స్థిరపడింది. పార్సన్స్ 17 బిందువులు చాలవని మొదలుపెడితే, వీరు నాలుగు చాలునన్న చోటికి తెచ్చారు. తేడా ఏమంటే, మధ్యలో పూరించేది ఇప్పుడు ఎవరి ఊహా కాదు, సూత్రం.

1970లలో చిన్న కంప్యూటర్లు యంత్రం పక్కనే అమరాయి. టేపు పోయింది, ‘సీఎన్‌సీ’ అనే పేరు వచ్చింది. మన దగ్గర సికింద్రాబాదులో 1943 నుంచి ప్రాగా టూల్స్, ఆ తర్వాత హైదరాబాదులో హెచ్ఎంటీ శాఖ యంత్రాలు తయారు చేశాయి. అక్కడ పనిచేసి రిటైరయినవారు ఎవరైనా మన కుటుంబాల్లో ఉంటే, రాబోయే సంచికకు తప్పక రాయాలని కోరుతున్నాను.

కర్ర చెక్కే సీఎన్‌సీ రౌటరును నేను మా ఊరి కార్ఖానాలోనే దగ్గరగా చూశాను. నేను వెళ్ళినరోజు ద్వారబంధానికి పక్కన అతికించే అర్ధస్తంభం చెక్కుతున్నారు. పొడవు 900 మిల్లీమీటర్లు, అడుగున వెడల్పు 120, పైన 60. అంటే కొసకు సన్నబడే సగం గుండ్రం, మన చిక్కు ఆకారానికి చిన్న తమ్ముడు. కత్తి కొస గోళీలా గుండ్రంగా ఉంటుంది, అడ్డుకొలత 6 మిల్లీమీటర్లు. అది పొడవునా ఒక గీత కోసి, కొంచెం పక్కకు జరిగి మరో గీత కోస్తుంది. రెండు గీతల మధ్య పొలంగట్టులా చిన్న గట్టు మిగులుతుంది. గీతల మధ్య దూరం 0.6 మిల్లీమీటర్లయితే గట్టు ఎత్తు సుమారు 0.015. దూరాన్ని రెట్టింపు చేస్తే గట్టు నాలుగింతలవుతుంది. అడుగున వంపు చుట్టుకొలత 188 మిల్లీమీటర్లు కనుక 314 గీతలు కావాలి. నిమిషానికి రెండు మీటర్ల వేగంతో లెక్కిస్తే రెండు గంటల ఇరవై నిమిషాలు. గీతల దూరం రెట్టింపు చేస్తే 70 నిమిషాలే. కానీ మిగిలిన గట్లను గీకుడు కాగితంతో రుద్దడానికి ఒక మనిషి కావాలి. యంత్రానికి ఇచ్చిన సమయం మిగిలితే అది మనిషి ఖాతాలో ఖర్చు పడుతుంది.

సన్నబడే ఆకారంలో మరో తిరకాసు ఉంది. అడుగున 0.6 దూరంలో ఉన్న గీతలు పైకి పోయేకొద్దీ విసనకర్ర పుల్లల్లా దగ్గరై, కొసన 0.3కు వస్తాయి. అక్కడ కత్తి కోసిన చోటే మళ్ళీ కోస్తుంది. కర్ర వేడెక్కి నల్లబడుతుంది. పైగా వాలు మీద కత్తి తన కొసతో తాకదు. గుండ్రటి గరిటెతో గిన్నె పక్కగోడ గీకితే గరిటె అడుగు కాక పక్క తగిలినట్లు, ఇక్కడా పక్కభాగమే తగులుతుంది. ఎంత వాలుకు ఎంత పక్కకు జరపాలో ప్రతి బిందువు దగ్గరా లెక్క కట్టాలి. కత్తి లావులో సగం జరిపి ఇవ్వగలదా అని పార్సన్స్ అడిగిన ఆనాటి ప్రశ్నే ఇది, మూడో దిశ ఒకటి అదనంగా చేరింది. ఆ కుర్రవాడు కంప్యూటరులో ఒక గడిలో కత్తి కొలత నింపి మీట నొక్కాడు, అంతే.

అయితే గీతలు నిలువునా పోవాలా, అడ్డంగా పోవాలా అన్నది కంప్యూటరు చెప్పలేదు. పక్కన స్టూలు మీద కూర్చున్న పెద్ద మేస్త్రి కర్ర పీచు ఎటు ఉందో వేలితో తడిమి నిలువు అన్నారు. అడ్డంగా కోస్తే టేకు పీచు లేస్తుందట.

ఇక పార్సన్స్, స్టూలెన్ ఇద్దరికీ కలిపి అమెరికా ప్రభుత్వం 1985లో జాతీయ సాంకేతిక పతకం ఇచ్చింది. అదే సంవత్సరం ఆపిల్ కంప్యూటరు స్థాపకులు స్టీవ్ జాబ్స్, స్టీవ్ వోజ్నియాక్‌లకు కూడా ఇచ్చారు. పార్సన్స్ అప్పటికి డెబ్బై దాటారు. ఆయన 2007లో మరణించారు.

మిత్రుల ఇళ్ళల్లో కొత్తగా చెక్కించిన తలుపుగాని, పూజామందిరంగాని ఉంటే, సాయంత్రం ఏటవాలుగా ఎండ పడే వేళ దాని వంపుల మీద చూడండి. సన్నటి సమాంతర గీతలు కనిపిస్తే అవి యంత్రం వదిలిన గట్లు. కొసల దగ్గర కొంచెం నల్లగా ఉంటే గీతలు అక్కడ ఒరుసుకున్నాయన్న మాట. ఏమీ కనబడకపోతే దాన్ని ఎవరో చాలాసేపు రుద్దారు.